తోడు

నీలం పెట్టె నా ఒళ్ళో ఉంది.
వ్రోత్స్వాఫ్ నుంచి ఔలు దాకా
దీన్ని నేల మీద పెట్టకూడదు,
ఎక్స్‌రే కింద పంపకూడదు,
నేను కునుకు తీయకూడదు.
లోపల నాలుగు డిగ్రీలు. ఒక సంచి,
గ్లాసున్నర ఉంటుందేమో, టమాటా రసం రంగు.
ఎవరిదో చెప్పరు. ఎవరికో చెప్పరు.

హెల్సింకీలో మంచు తుఫాను, విమానం రద్దు.
బోర్డు మీద ఎర్ర అక్షరాలు చూసి నవ్వొచ్చింది.
ముప్పై నాలుగేళ్ళు రైల్లో టిక్కెట్లు చూసినవాణ్ణి,
చివరికి రైలే దిక్కయింది.
రాత్రంతా కిటికీలో బర్చ్ చెట్లు,
ఎదుటి సీట్లో సాక్సు అల్లుతూ అల్లుతూ నిద్రపోయిన ముసలామె.

ఓతిలియా రై రొట్టె చేసేది.
గాజు సీసాలో పులిసిన పిండి, వాళ్ళమ్మమ్మ నాటిది.
ఎంత పెద్ద రొట్టె కాల్చినా
ఒక చెంచాడు మిగిల్చేది, తోడుకి.
"రొట్టె అయిపోతుంది. ఇది అయిపోదు"
అనేది వేళ్ళు నాకుతూ.

ఆమె ఎముకల్లో మరొకటి పులిసింది.

మొదట మందుకి లొంగింది.
చలికాలమంతా లొంగే ఉంది.
సూక్ష్మదర్శినిలో ఏమీ లేదన్నారు,
మేం వైన్ తెచ్చుకున్నాం.
అప్పటికి ఆమె జుట్టు గోరంత పొడవు.
ఈస్టర్ వెళ్ళాక తిరిగొచ్చింది.

డాక్టర్ బోగ్నా కాగితం నిండా చుక్కలు పెట్టింది.
గబగబా అన్నీ కొట్టేసింది,
ఒక్కదాని చుట్టూ సున్నా చుట్టింది.
"మా మందు పరిగెత్తేవాటిని పట్టుకుంటుంది.
ఇది పరిగెత్తదు.
మూలుగలో ఓ మూల ముడుచుకు పడుకుంటుంది.
అందరూ పోయాక లేస్తుంది.
తనలాంటిదాన్ని ఒకదాన్ని దాచుకుని
మిగతావాటిని వేలకు వేలు కంటుంది."
నాకు సీసా గుర్తొచ్చింది. చెప్పలేదు.

మూలకణాలిచ్చే మనిషి దొరికాడని
గురువారం ఫోన్ వచ్చింది.
ఆమె మంగళవారమే పోయింది.

సీసాని ఫ్రిజ్ వెనక్కి తోసేశాను.
పారెయ్యలేదు, పిండి వెయ్యనూలేదు.
పైన బూడిద నీళ్ళు తేలాయి.
నవంబర్లో చెత్తడబ్బా దాకా తీసుకెళ్ళి
ఏం బుద్ధి పుట్టిందో,
గుప్పెడు పిండి, గోరువెచ్చని నీళ్ళు పోసి పడుకున్నాను.
తెల్లారేసరికి మూత తోసుకుని
బల్ల మీదకి కారుతోంది.
దాని మీద అరిచాను, సిగ్గులేకుండా:
నువ్వెలా బతికావు?
తర్వాత రొట్టె చేశాను.
ఉప్పు మర్చిపోయాను. అలాగే తిన్నాను.

ఈ సంచిలోవీ అలాంటివేనట.
నిద్రపోగలవు, లేవగలవు,
ఎంత పంచినా తమని తాము మిగుల్చుకోగలవు.
మరి తేడా ఏమిటని అడిగాను.
బోగ్నా కళ్ళజోడు తుడుచుకుంది.
"ఎప్పుడు ఆగాలో వీటికి తెలుసు" అంది,
ఇంకో అద్దం కూడా తుడిచి
"చాలామటుకు" అంది.

చేతి నరంలోకి వదిలితే చాలు,
ఎముకల దారి ఎవరూ చూపక్కర్లేదు.
అంత దారి తెలిసిన ప్రయాణికుల్ని
నా ఉద్యోగంలో చూడలేదు.

ఔలులో ఆరూ నలభై. సున్నాకి ఇరవై రెండు కింద.
ఇంకెరి అనే నర్సు గ్రాఫు చూసింది,
రాత్రి పొడుగునా గీత తిన్నగా ఉంది.
సంతకం పెట్టాను.
తలుపవతల ఎవరో,
పాత మూలుగంతా మందుతో ఖాళీ చేయించుకుని,
కాచి చల్లార్చిన పాలగిన్నెలా
తోడు కోసం చూస్తున్నారు.
పుట్టుకతో వచ్చిన రక్తపు గ్రూపు మారిపోవచ్చు.
పేరు తెలియని ఒకరితో
రక్తసంబంధం అక్షరాలా కలుస్తుంది.
లేదా కలవదు. ఆ కబురు నాకు రాదు.

తిరుగు రైల్లో కుర్రాడొచ్చి టిక్కెట్టు అడిగాడు.
చూపించాను.
పెట్టె ఖాళీ. ఇప్పుడు కింద పెట్టొచ్చు,
నిద్ర కూడా పోవచ్చు.
నిద్రపోయాను.
ఔలు ఎక్కడో వెనకబడ్డాక మెలకువ వచ్చింది.
రెండు చేతులూ దాని చుట్టే ఉన్నాయి.